బాలమ్మను అడిగొద్దామని

హైదరాబాద్‌ల మా రాక్ బ్యాండు కొత్త ఆల్బం మొత్తం తయారైంది, ఒక్క పాట తప్ప. ఆ పాట కూడ రికార్డు జేసినం, కాని పాడిన శారదనే బయటికి ఇడువద్దని ఆపింది.

పాత గాయకుడు మమ్ముల ఇడిసి వేరే బ్యాండుల చేరినంక మాకు దొరికిన గొంతు శారద. నల్లగొండ పక్కన పానగల్ పిల్ల. వాళ్ళమ్మ అనసూయమ్మ నాట్లల్ల పాడే పాటలు ఇనుకుంట పెరిగింది. ఆమె వచ్చినంక మా గిటార్ల సప్పుడే మారిపోయి, ఆల్బం అంత ఆ పొలం పాటల దిక్కు తిరిగింది. అయితే గీ పాట మాత్రం వాళ్ళమ్మది గాదు. కాలువ తవ్వే పనికి పాలమూరు నుంచి వచ్చి, మధ్యల నాట్లకు గూడ పోయిన బాలమ్మది. పూనా దిక్కు పనికి పోయిన మొగడు ఎల్లయ్య మళ్ళ రాలేదని, పేరు పెట్టి పిలుచుకుంట పాడేదట.

"ఆమె ఏడుపును ఆమెను అడుగకుంట ఎట్ల అమ్ముకుంటం?" అన్నది శారద.

గిటార్ వాయించే ప్రకాశ్‌కు కోపమొచ్చింది. ఆల్బం వచ్చే తారీకు అందరికీ చెప్పేసినం. కొత్త గొంతు మీద ఇనేటోళ్ళల్ల ముందే గొణుగుడు మొదలైంది. ఆఖరుకు డ్రమ్స్ వాయించే నేను తోడు పోతానన్న. మాది గూడ పాలమూరే, మహబూబ్‌నగర్.

ముందునాడు పానగల్ పోయి అనసూయమ్మను బాలమ్మ ఊరు అడిగి తెలుసుకొని, పొద్దున ఆరున్నరకు నల్లగొండ బస్టాండ్ల ఇడ్లీ తిని దేవరకొండ బస్సెక్కినం. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ గదా, శారద ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టిచ్చిండు, నేను పైసలిచ్చిన. గీ తోవల మహబూబ్‌నగర్ పోయేటోళ్ళు నేరుగ పోయే బస్సు కోసం చూడకుండ్రి. దేవరకొండల ఒకసారి, కల్వకుర్తిల ఒకసారి మారితే తొందరగ పోవచ్చు.

మా పక్కన బత్తాయిల సంచి పెట్టుకున్న ఒకామె మేం ఏం పని జేస్తమని అడిగింది. బ్యాండుల పాడుతమని చెప్పిన. "పెండ్లిళ్ళకొస్తరా?" అన్నది. శారద నవ్వలే. కిటికి అద్దం తీసుడు, పెట్టుడు, అదే పని. బాలమ్మ వద్దంటే ఏం జేద్దామని రెండుమార్లు అడిగింది. దేవరకొండల చాయ తాగంగ ప్రకాశ్ ఫోన్ జేసిండు, కల్వకుర్తిల అన్నం తినంగ మళ్ళ జేసిండు. రెండోసారి ఎత్తలే. ఎత్తకపోతే ఇంకింత బేజారైంది. మెస్సుల పప్పు, మామిడికాయ తొక్కు బాగుండె గని మేం సగం ఇడిసిపెట్టి లేసినం.

మహబూబ్‌నగర్‌ల దిగి, దేవరకద్ర తోవల ఉన్న బాలమ్మ ఊరికి ఆటో కిరాయికి మాట్లాడుకున్నం. పోయేసరికి మూడు దాటింది. బాలమ్మ అరుగు మీద కూసొని చింతపండు గింజ తీస్తున్నది. పక్కన మంచంల తలకు రుమాలు చుట్టుకున్న ముసలాయన. అనసూయమ్మ బిడ్డనని శారద చెప్పంగనే బాలమ్మ ఆమె రెండు చేతులు పట్టుకొని, అమ్మ నడుము నొప్పి సంగతి కూడ అడిగింది. పాట మాట ఎత్తంగనే మొఖం మారింది. మంచం దిక్కు చూసి గొంతు తగ్గించింది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. ఆయననే ఎల్లయ్య."

మేం ఇన్ని రోజులు సచ్చిపోయిండనుకున్న మనిషి. పని కాడ కాలిరిగి, ఊరుగాని ఊర్ల దవాఖానల పడి, మనిషి తిరిగొచ్చేసరికి మూడేండ్లు పట్టిందట. ఆయన ఇంట్ల అడుగుపెట్టిన్నాడే బాలమ్మ ఆ పాట బంద్ పెట్టింది. బతికున్నోని పేరు పెట్టి ఏడిస్తే ఏమైతదోనని భయం. గా పాట ఉన్నదనే ఆయనకు తెల్వదు.

"ఆల్బంల కెల్లి తీసేస్తం పెద్దమ్మా" అని శారద లేసింది.

"ఏం పాట?" అని అడిగిండు మంచంల కెల్లి ఎల్లయ్య.

శారద బాలమ్మ దిక్కు చూసింది. బాలమ్మనే ఇనిపియ్యమని చేత్తోని సైగ జేసింది. నా ఇయర్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టిన. డ్రమ్స్ మొదలైన కాడ ఉలిక్కిపడ్డడు. తన పేరొచ్చిన కాడ కండ్లు మూసుకున్నడు. పాట అయిపోయినా చెవుల కెల్లి తీయలే.

"గింత ఏడ్చినవా?" అన్నడు ఆఖరుకు.

"చెప్పుకునేతందుకు నువ్వు యాడున్నవ్?" అన్నది బాలమ్మ. మళ్ళ చింతపండు చేతిల పట్టుకున్నది గని గింజ తీయలేకపోయింది.

పోయేముందు ఆమెనే మా ఎంట వాకిలి దాక వచ్చింది. పాడుకోమన్నది. ఆయన పేరు మాత్రం ఉండొద్దన్నది. ఆ జాగల ఏం పెట్టాలె అని శారద అడిగితే, "నాకేం తెలుసు బిడ్డా, నాకు గా పేరే ఒచ్చె" అన్నది.

పొద్దుగూకంగ మహబూబ్‌నగర్‌ల హైదరాబాద్ బస్సెక్కినం. సీట్లు దొరకలే, జడ్చర్ల దాక నిలబడ్డం. శారద లోలోపల ఒక్కో పేరు పెట్టి పాడి చూస్తున్నది. ఏదీ కుదురుతలేదు. అనుమతి దొరికితే మనసు నిమ్మళమైతదనుకొని పోయినం. దొరికింది. నిమ్మళం మాత్రం కాలే. మేం వచ్చినంక ఆ ఇద్దరు అరుగు మీద ఏం మాట్లాడుకున్నరో అన్నదే తోవ పొడుగూత నా బుర్రల తిరిగింది.

షాద్‌నగర్ దాటినంక, పేరు రావల్సిన కాడ శారద ఏం అనకుంట ఆగింది. ఊపిరి తీసుకొని ముందటి మాట అందుకున్నది. "గిట్లనే ఉండనీ" అన్నది నా దిక్కు చూసి. నేను ప్రకాశ్‌కు ఫోన్ జేసి, పాట మళ్ళ రికార్డు జెయ్యాలె, చెప్పిన తారీకుకు ఆల్బం రాదని చెప్పిన.