నాన్న బూట్ల మట్టి

ఏడో తరగతిలో నన్ను వదిలించుకుని మా బడి ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు నేను దాచేపల్లి సిమెంటు లారీ ఎక్కగానే మా ఆవిడ చీపురు అందుకుంటుంది. నిన్న ఆ చప్పుడు వింటే అమ్మ పాత అలవాటు గుర్తొచ్చింది.

మిలిటరీలో ఉన్న నాన్న సెలవు ముగిసి బయల్దేరితే, క్షేమంగా చేరానని పక్క కొట్టుకు ఫోన్ చేసేదాకా అమ్మ ఇల్లు ఊడ్చేది కాదు. ఆయన బూట్ల నల్లమట్టి నట్టింట్లో అలాగే ఉండేది. నాన్న లేడుగదా అని అమ్మ బద్ధకిస్తోందనుకునేవాణ్ణి.

సాయంత్రం అమ్మను ఆటపట్టించాను. "నేను వాకిలి దాటకముందే ఊడుస్తోంది నీ కోడలు. అప్పుడు నీకేంది, చానా బద్ధకమా?"

"నువ్వు మాపటికల్లా కూరేందని అడుగుతా వస్తావు. మీ నాయన వస్తాడో రాడో తెలీదు. ఆ మట్టి ఊడవాలంటే చేతులాడేవి కాదురా."