వేదిక మీద పదకొండు కుర్చీలు

ఆ నాటకాన్ని ఆపింది మీరే. కుర్చీలు దిగని పెద్దల సంగతి తర్వాత చూద్దాం. మైకు ఆపేసినప్పుడు "పోనిద్దురూ, భోజనాల వేళయింది" అంటూ లేచి పులిహోర కోసం వరస కట్టిన తెలుగు సంఘ సభ్యులారా, మిమ్మల్నే అంటున్నాను. ఆ వరసలో నేనూ ఉన్నాను. మిగిలిన నాటకం ఆడనివ్వమని ఏడాది పాటు మీకు ఉత్తరాలు రాసిన మాస్టారు ఈ నెల మొదటి మంగళవారం తెల్లవారుజామున పోయారు. ఒక్క ఉత్తరానికీ జవాబు అందుకోకుండానే పోయారు.

కబురు చెప్పింది పైడమ్మ. భవానీపూర్ సందుల్లో ఊడ్చే డ్యూటీ మధ్యలో ఫోన్ చేసింది. "మాస్టారు ఎల్లిపోనారు బాబూ. ఆదివారం రిహార్సలని సెప్పారు. ఇప్పుడేటి సెయ్యమంటారు?"

ముప్పై ఏళ్ళ కిందట కాలేజీలో ఆయన నాకు యూరప్ నాటకరంగ చరిత్ర చెప్పారు. ఆ కాలేజీ ముందు వీధిని ఊడ్చింది మాస్టారి నాన్నే. శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ నగరపాలక సంస్థలో చేరిన మనిషి. ఆ సంగతి మాస్టారు దాచలేదు, చాటుకోనూ లేదు. రిటైరయ్యాక ప్రతి ఆదివారం హౌరా నుంచి స్టీమరులో నది దాటి, పారిశుద్ధ్య కార్మికుల క్వార్టర్స్ డాబా మీద అవే పాఠాలు చెప్పేవారు.

ఇటుక ముక్కతో నేల మీద ఒక వీధి గీసేవారని పైడమ్మ చెప్పింది. "ఇటలీలో రాజుల కొలువుల్లో ఇలాగే తెర మీద వీధి బొమ్మ ఏసేవోరు. రాజు కుర్చీలోంచి సూత్తే తిన్నగా ఉంటాది. పక్కకి జరిగితే వంకర."

"మరి మనకో మాస్టారూ?" అని తనే అడిగిందట.

"మనం పక్కనే కదమ్మా పుట్టింది."

బొమ్మ ఎవరి కుర్చీలోంచి గీశారో ముందు అది చూడండి అనేవారు. పత్రికల్లో నా రాతకి పెట్టుబడి మొత్తం ఆ ఒక్క మాటే.

ఆ రాజుల రోజుల్లోనే ఇంగ్లండులో నటులకి నాటకం మొత్తం ఇచ్చేవారు కాదట. ఎవరి మాటలు వాళ్ళకి, ముందు అవతలివాడి చివరి రెండు మూడు మాటలతో కలిపి, చీటీ మీద రాసి ఇచ్చేవారట. మాస్టారు కూడా వంటింటి కత్తెరతో కాగితాలు కత్తిరించి, మన వార్షికోత్సవం నాటకానికి ఆ కార్మికులకి అలాంటి చీటీలే పంచారు. మాటలు తెలుగు, అక్షరాలు బెంగాలీ. వాళ్ళంతా చదివింది బెంగాలీ బడుల్లో మరి. మన కార్యదర్శిగారు ఒక చీటీ చూసి మొహం చిట్లించారు. "తెలుగు రానివాళ్ళతో తెలుగు నాటకమా?" మాస్టారు నవ్వి, "నోట్లో ఉంది కదండీ" అన్నారు.

పైడమ్మకి మాత్రం చీటీ మీదే కోపం. "ఎదుటోడేటంటాడో తెలీకుండా ఎలాగ మాస్టారూ?"

"ఇంటావనే తల్లీ, ఇవ్వనిది."

నటుడికి చెవులు ముందు మొలవాలి, నోరు తర్వాత అనేవారు. నన్నూ వదల్లేదు: "నువ్వు రాత్తావురా. ఇనవు." రిహార్సలుకి రమ్మని ఎన్నిసార్లు పిలిచారో. వ్యాసం ఉందని నేను వెళ్ళలేదు.

పోయినేడాది వార్షికోత్సవం మీకు గుర్తుండాలి. శాలువాలు కప్పించుకున్న పదకొండు మంది పెద్దలు నాటకం మొదలైనా వేదిక దిగలేదు. కూతురికి పెళ్ళి కాకుండా ఇంటికి తాళం వేసే ముసలివాడి వేషం మాస్టారిది. "ఎవరొచ్చినా తలుపు తియ్యకు" అన్నారు. పనిమనిషి వేషంలో పైడమ్మ రావాలి. దారేది? అధ్యక్షులవారి మోకాలికీ పక్కాయన మోకాలికీ మధ్య ఇరుక్కుపోయింది. "బాబూ, కాలు సరదండి. నాటకం లోపలికెల్లాలి." హాలంతా నవ్వింది. అధ్యక్షులవారు కాలు కదపలేదు.

మాస్టారు వేషంతోనే మైకు దగ్గరికొచ్చారు. "పారిస్‌లోనూ డబ్బున్నవాళ్ళు ఇలా వేదిక మీదే కూర్చునేవారండి. నటులకి కాలు పెట్టే చోటుండేది కాదు. రెండున్నర శతాబ్దాల కిందట వాళ్ళు దిగారు. దయచేసి మీరూ..."

మైకు అక్కడ ఆగింది. తర్వాత పులిహోర.

పోయిన ఆదివారం అదే హాల్లో సంతాప సభ పెట్టారు. వేదిక మీద మళ్ళీ పదకొండు కుర్చీలు. చోటు చాలక మాస్టారి ఫొటోని కింద స్టూలు మీద పెట్టారు. ఒక్కొక్కరే లేచి ఆయన్ని మహానుభావుడన్నారు. పైడమ్మా, తోటివాళ్ళూ గుమ్మం దగ్గర నిలబడే ఉన్నారు. వాళ్ళని ఒక్క మాట చెప్పమని ఎవరూ అడగలేదు.

కాబట్టి అడుగుతున్నాను.

ఒకటి. ఈ ఏడాది వార్షికోత్సవంలో వేదిక మీద ఒక్క కుర్చీ ఉండకూడదు.

రెండు. నాటకం మొదటి నుంచి చివరిదాకా ఆడనివ్వాలి. భోజనాలు ఆ తర్వాతే.

మూడు. చీటీలు ఏ లిపిలో ఉన్నాయని ఎవరూ అడగకూడదు.

నాలుగు. ముసలివాడి వేషం ఖాళీగా ఉంది. అది అధ్యక్షులవారు వెయ్యాలి. "ఎవరొచ్చినా తలుపు తియ్యకు" అనాలి. వారికి పెద్దగా సాధన అక్కర్లేదు.

అయిదు. అన్నాక నోరు మూసుకుని వినాలి. దానికి జవాబు పైడమ్మ ఫోను కవరులో మడిచిన చీటీలో ఉంది. ఏముందని సంతాప సభ రోజున అడిగాను. చెప్పలేదు. "వచ్చి ఇనండి బాబూ" అని ఫోను బోర్లించి పట్టుకుంది.