మామ్మగారి చెంబు, మాస్టారి ఇంగ్లీషు మాట

మా చిన్నప్పుడు మాస్టారి ఇంట్లో నీళ్లడిగితే మాకు గ్లాసు ఇచ్చేవారు కాదు...

చల్లపల్లి దగ్గర ఊరు మాది. మేం చర్చి పక్క పేటవాళ్లం. మా నాన్న మాస్టారి పశువుల పాకకు తాటాకు కప్పేవాడు. సెలవు రోజుల్లో నేను ఆకు అందించేవాణ్ని. దాహమంటే మాస్టారి తల్లి, మామ్మగారు, చెంబుతో వచ్చేవారు. కుచ్చిళ్లు దగ్గరకు పట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి, మొహం పక్కకు తిప్పి, పైనుంచి పోసేవారు. దోసిలి పట్టి తాగాలి. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయేవి...

డెబ్బైల్లో సంగతి. ఆరో తరగతి. ఒకరోజు మాస్టారు బోర్డు మీద ఒక ఇంగ్లీషు మాట రాశారు. అబ్హార్.

"బాగా అసహ్యించుకోవడం అనిరా. పాత లాటిన్‌లోంచి వచ్చింది. ఒళ్లు జలదరించి వెనక్కి జరగడం, అదీ అసలు అర్థం. ఎవరు చేసి చూపిస్తారు?"

ముందు బెంచీవాడొకడు పామును చూసినట్టు గెంతాడు.

"అది భయంరా సన్నాసీ. కూర్చో."

నేను లేచాను. లాగు అంచు దగ్గరకు పట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి, మొహం తిప్పి, లేని చెంబును పైకెత్తి వంచాను.

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

"ఎక్కడ చూశావురా?"

"మీ ఇంట్లోనేనండి."

నవ్వులు ఆగిపోయాయి. బెత్తం దెబ్బకు నేనే చెయ్యి చాపాను. ఆయన బోర్డు తుడిచేసి "కూర్చో" అన్నారు. అంతే...

ఇంట్లో చెబితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. "పాక ఇంకా సగముందిరా. రేపు రావద్దంటే ఏం తింటాం?"

మర్నాడు సెలవు. ఇద్దరం వెళ్లాం. నాన్న పాకెక్కాడు, నేను ఆకు అందించాను. మధ్యాహ్నం దాహమంటే ఈసారి మాస్టారే వచ్చారు, గాజు గ్లాసుతో. దగ్గరకొచ్చి నా చేతికిచ్చారు.

గుమ్మంలోంచి మామ్మగారు, "ఒరే నాయనా, ఆ గ్లాసు..." అన్నారు.

"నువ్వుండమ్మా" అన్నారాయన.

తర్వాత నాన్నకూ అందులోనే పోశారు. నాన్న అలవాటుగా దోసిలి పట్టబోయి, గ్లాసు అందుకున్నాడు. ఆ గ్లాసు తిరిగి లోపలికెళ్లిందో, పెంటకుప్పలో పడిందో నేను చూడలేదు. నాకవసరం లేదు.

మరుసటి ఏడే చదువు ఆగింది. ఆటోనగర్‌లో స్పానర్ పట్టాను. ఇంగ్లీషులో నాకు గట్టిగా వచ్చిన మాట అదొక్కటే...

ఇప్పుడు ఎవడి నీళ్ల సీసా వాడిదే. ఒకరినొకరు నీళ్లడగడం లేదు, కాబట్టి వెనక్కి జరిగేదెవరో తెలియడం లేదు.

మీ ఇళ్లలో నీళ్లెలా పోసేవారు? పోసినవాళ్లూ రాయండి, దోసిలి పట్టినవాళ్లూ రాయండి...