బ్రేకు మీంచి కాలు తీసిన బ్రేకమ్మ

ఆ డ్రైవింగ్ స్కూల్లో ఆవిడకు అసలు పేరంటూ ఒకటుందని ఎవరికీ గుర్తులేదు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లంతా చాటుగా బ్రేకమ్మ అనేవారు. నేర్పే కార్లలో టీచరు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆవిడ కాలు ఎప్పుడూ దాని మీదే. ఎదురుగా సైకిలు కనబడితే బ్రేకు, కుక్క కనబడితే బ్రేకు, ఏమీ కనబడకపోయినా అలవాటు కొద్దీ బ్రేకు. దానికి తోడు నోరు.

"ఆ గేరు నీకేం అపకారం చేసింది, అలా పీకుతున్నావ్?" అంటూనే అవతలివాళ్ల చేతిలోంచి స్టీరింగు లాగేసుకునేది. పళ్లు బిగించి నేర్చుకున్నవాళ్లున్నారు, ఏడ్చుకుంటూ దిగిపోయినవాళ్లూ ఉన్నారు. అయినా పని ఆవిడకు ప్రాణం. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కారు అద్దాలు తుడిచి, టైర్లలో గాలి చూసుకుని, తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతూ నిలబడేది. చేతకాదు, రాలేను అన్న మాటలు ఆవిడ నోట ఎవరూ వినలేదు.

ఒకరోజు పొద్దున టూత్‌పేస్టు మూత తిరగలేదు. గట్టిగా పట్టేసిందనుకుని భర్తను పిలిస్తే, ఆయన రెండు వేళ్లతో తీసిచ్చాడు. మర్నాడు కుళాయి తిరగలేదు. ఆ వారంలోనే వేళ్ల కణుపులు ఉబ్బిపోయి, మణికట్లు ఎర్రబడి, లేచి నిలబడితే పాదాల కింద గాజుపెంకులు పరిచినట్టయింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి కీళ్లవాతం అని తేల్చింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి సొంత కీళ్లను దెబ్బతీసే రకమట.

"ఎప్పటికి తగ్గుతుంది డాక్టర్?"

"పూర్తిగా పోయే జబ్బు కాదమ్మా. మందులతో అదుపులో పెట్టుకోవచ్చు. మీ ఒంటికి ఏ మందు పడుతుందో తెలియడానికే కొంత టైం పడుతుంది."

ఆ కొంత టైం ఏడాది దాటింది. ఒక మందుకు కడుపులో తిప్పేది, ఇంకో మందుకు జుట్టు ఊడేది. బ్రేకమ్మ మంచానికి అతుక్కుపోయింది. భర్త పొద్దున్నే ఆవిడకు జుట్టు దువ్వి, తన మోటార్ల రిపేరు షాపుకు వెళ్లేవాడు. మిగతా పనులన్నీ అత్తగారివి. గుండీలు పెట్టడం ఆవిడే, అన్నం కలిపి నోట్లో పెట్టడం ఆవిడే. అప్పటిదాకా ఆ అత్తాకోడళ్ల మధ్య మాటలంటే గ్యాసు అయిపోయింది, పాలు వచ్చాయి అనేంతవరకే. ఇప్పుడు ఒకే చెంచా దగ్గర మొహాలు ఎదురెదురుగా పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. బ్రేకమ్మకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

"చాలు అత్తయ్యా. ఆకలి లేదు."

"ఆకలి లేదని నువ్వు చెప్పకు, గిన్నె చెప్పాలి. నోరు తెరు."

ఒకసారి ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజున భర్తకు షాపులో తెమలని పని పడింది. అద్దె కారు పిలిచి అత్తాకోడళ్లే వెళ్లారు. ఆ డ్రైవరు ఎవరి మీదో కోపం రోడ్డు మీద చూపిస్తున్నట్టు ఒక్క గుంత కూడా వదలకుండా పోనిచ్చాడు. ఇల్లు చేరేసరికి బ్రేకమ్మ పెదవి పంటి కింద పడి చిట్లిపోయింది. అత్తగారు తడిగుడ్డతో రక్తం తుడిచి, కిటికీలోంచి బయటకు చూసింది. వరండా పక్కన బ్రేకమ్మ సొంత కారు దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

"ఆ కారు ఊరికే పడుంది కదా. నాకు నేర్పు."

బ్రేకమ్మ నవ్వింది. జబ్బు పడ్డాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. "అరవై దాటాక స్టీరింగా అత్తయ్యా?"

"నా చేతులు పనిచేస్తాయి, నీ బుర్ర పనిచేస్తుంది. రెండూ కలిపితే ఒక డ్రైవరు అవడా?"

అది సరదా అనుకుంది బ్రేకమ్మ. అత్తగారు కొడుకును వెంటపెట్టుకుని వెళ్లి, నేర్చుకోవడానికిచ్చే లైసెన్సు తెచ్చి మంచం మీద పెట్టాక సరదా కాదని తెలిసింది.

గోడౌన్ల వెనక ఖాళీ స్థలంలో మొదటి పాఠం. భర్త కారు అక్కడిదాకా తెచ్చిపెట్టి పక్కకు తప్పుకున్నాడు. అత్తగారి వీపు వెనక ఒక దిండు, కింద ఒక దిండు. పక్క సీట్లో బ్రేకమ్మ. ఇది ఇంటి కారు, ఆ పక్క బ్రేకు లేదు. ఉన్నా నొక్కే పాదం లేదు. స్టీరింగు లాక్కోవడానికి వేళ్లు ముడుచుకోవు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు. కారు ఒక్క గెంతు గెంతి, గోడ వైపు దూసుకుపోయింది.

"గోడ! గోడ అత్తయ్యా! కళ్లు కనబడటం లేదా? బ్రేకు తొక్కండి! అది కాదు, పక్కది!"

గోడకు బెత్తెడు దూరంలో ఆగింది. అత్తగారు ఇంజను ఆపేసి, తాళంచెవి తీసి కోడలి ఒళ్లో పెట్టింది.

"నువ్వు అరిస్తే నాకు రోడ్డు కనబడటం లేదే. నీ గొంతే కనబడుతోంది."

బ్రేకమ్మకు తన పక్కన కూర్చుని చెమటలు కక్కిన మొహాలు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. వాళ్లకు డ్రైవింగు రాదనే అనుకుంది ఇన్నేళ్లూ. కంటినిండా నీళ్లు వచ్చాయి.

"నాకు భయంగా ఉంది అత్తయ్యా. చెయ్యి వెయ్యలేను, కాలు వెయ్యలేను."

"నాకూ భయంగానే ఉంది. ఇద్దరం భయపడుతూనే పోదాం. నువ్వు మెల్లగా చెప్పు, నేను మెల్లగా పోనిస్తా."

ఆ రోజు నుంచి బ్రేకమ్మ మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. చేత్తో చేసి చూపించేదంతా ఇప్పుడు నోటితో చెప్పాలి, అదీ ముందుగా. అత్తగారు వయసులో ఉండగా బట్టలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. "క్లచ్ అంటే మీ కుట్టుమిషను పెడలే అనుకోండి. దారం తెగకుండా వదలాలి" అంది. అంతే, కారు గెంతడం మానేసింది. "అదిగో, ఆ మందుల షాపు దాటాక మలుపుంది, ఇప్పట్నుంచే వేగం తగ్గించుకుందాం." "వెనకాల హారను కొట్టేవాడికి తొందర. మనకు లేదు." ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు సగంలో ఇంజను ఆగి, వెనక బండ్లన్నీ గోల పెడుతుంటే, బ్రేకమ్మకు పాత అరుపు నోటిదాకా వచ్చింది. గొంతు మాత్రం లేవలేదు. "హ్యాండ్‌బ్రేకు లాగండి. ఊపిరి పీల్చుకోండి. దారం తెగకుండా..." కారు కదిలి పైకెక్కింది. పైన గాలి చల్లగా తగిలేసరికి ఇద్దరూ చిన్నపిల్లల్లా అరిచారు.

లైసెన్సు పరీక్షలో అత్తగారు మొదటిసారి రివర్సులో హద్దు కర్రను పడగొట్టి తప్పింది. రెండోసారి వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టరు నవ్వుతూ, "మళ్లీ వచ్చారా పెద్దమ్మా?" అన్నాడు. "కర్ర నిలబెట్టించారా? ఈసారి దాని జోలికి వెళ్లనులే" అని చెప్పి, దాన్ని తాకకుండా తిప్పుకొచ్చింది. ఆ తర్వాత ఆస్పత్రికి ప్రతిసారీ ఆవిడే డ్రైవరు. గుంత వస్తే, నిద్రపోయే పిల్లను ఎత్తుకున్నంత మెల్లగా కారు దాటించేది.

ఈలోగా ఒక మందు పడింది. వాపు తగ్గింది. వంకర తిరిగిన వేళ్లు అలాగే ఉన్నాయి గానీ, గ్లాసు పట్టుకోగలిగింది, నడవగలిగింది, అవసరమైతే బ్రేకు నొక్కగలిగింది. డాక్టరమ్మ సరేనన్నాక బ్రేకమ్మ స్కూలుకు వెళ్లి యజమాని ముందు నిలబడింది. ఆయన ఆ చేతుల వంక చూసి నీళ్లు నమిలాడు.

"అలా కాదమ్మా... నేర్చుకునేవాళ్లు ఏమనుకుంటారో..."

"మిగతా టీచర్లు నేర్పలేమని వదిలేసినవాళ్లను నాకివ్వండి. ఒంట్లో బాగాలేని రోజున రాను, ముందే చెప్తాను. వచ్చిన రోజున మాత్రం పాఠం పాఠంలా ఉంటుంది."

యజమాని ఒప్పుకున్నాక, మొదట ఆవిడే ఒక ఫోను చేసింది. ఏడుస్తూ సగంలో మానేసిన కాలేజీ లెక్చరరుకు. "నేను చాలా కటువుగా ప్రవర్తించానండి. మళ్లీ వస్తారా?" అంటే, "నిజంగా మీరేనా? మీ గొంతు పెట్టుకుని ఇంకెవరైనా మాట్లాడుతున్నారా?" అని అడిగిందట లెక్చరరు. వచ్చింది, నేర్చుకుంది, కారు కొనుక్కుంది. ఆమె చెప్పగా ఇంకొందరు వచ్చారు. మోకాలి ఆపరేషను అయిన పోస్టుమాస్టరు, ఎప్పుడూ వెనక సీటే తెలిసిన పెద్దావిడలు. భయం ఉన్నవాళ్లకు ఆవిడే నేర్పుతుందని యజమానే బోర్డు మీద రాయించాడు. నొప్పి తిరగబెట్టే రోజులు లేకపోలేదు. అప్పుడు "ఇవాళ రాలేను" అని మామూలుగా చెప్పి పడుకునేది. ఒకప్పుడు ఆ మాటకంటే చావు నయమనుకునేది. ఇప్పుడు చెప్పాక హాయిగా నిద్రపట్టేది.

అందరిలోకీ ఎక్కువ సతాయించింది ఒక నర్సు. లారీ ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ మనిషి. లారీ శబ్దం వింటే చేతులు వణికేవి. నెలల తరబడి బ్రేకమ్మ ఆమె పక్కన కూర్చుంది. ఒక్కోరోజు కారు కదిలేదే కాదు, ఊరికే లారీలు పోతుంటే చూస్తూ కూర్చునేవారు. "దాని పాటికి దాన్ని పోనిద్దాం. మన పాటికి మనం ఉందాం" అనేది బ్రేకమ్మ. తన జబ్బు గురించి కూడా ఆవిడ అనుకునే మాట అదే.

లైసెన్సు వచ్చిన ఆదివారం నర్సు తన కొత్త కారు తీసుకుని ఇంటి ముందుకొచ్చింది. కొండ దారిలో ఒక రౌండు వెళ్లొద్దామంది. అత్తగారు వెనక సీట్లో ఎక్కింది, బ్రేకమ్మ ముందు. ఊరు దాటింది. మలుపుల దారి మొదలైంది. ఎదురుగా లోడు లారీ ఒకటి మూలుగుతూ వచ్చింది. నర్సు వేగం తగ్గించి, అంచుకు జరిగి, దారిచ్చి, మళ్లీ ముందుకు పోనిచ్చింది. చేతులు వణకలేదు.

"చూశారా మేడమ్?" అంది సంతోషం పట్టలేక.

నర్సు ఓరగా చూసింది. బ్రేకమ్మ సీటు వెనక్కి వాల్చుకుని, వంకర వేళ్లు ఒళ్లో వదిలేసి, నోరు కొద్దిగా తెరిచి, గాఢంగా నిద్రపోతోంది.

"లేపకు. పోనియ్యి" అంది వెనకనుంచి అత్తగారు.

నర్సు గేరు మార్చింది. కారు కొండ ఎక్కింది.