సైరన్ మోగితే ఒత్తిగిలించేదాన్ని

“పెట్టె నిన్నెవరు తెరవమన్నరే?”

“మెత్తటి నూలు బట్ట కావాలె నానమ్మా. రేపు మేడం తెమ్మన్నది.”

“తెమ్మంటే నా చీరనే దొరికిందా? స్టీలు సామాన్లామె వస్తే ఇద్దామని దాచుకున్న.”

“ఇంకెన్ని గిన్నెలు తీస్కుంటవ్? అటక మీద జాగ లేదు.”

“జాగ సంగతి నేను జూసుకుంట. ముందు ఆ కాయితం లోపల పెట్టు. నేను సంతకం పెట్ట.”

“పొద్దుగాల ఇయ్యకపోతే దవాఖానకు తీస్కపోరు. దవాఖానకు పోకపోతే ఈ ఏడు పాస్ గాను.”

“గాకు. ముసలోళ్ల ముడ్లు కడగనీకేనా పదోతరగతిల గన్ని మార్కులు దెచ్చింది?”

“నువ్వు కడగలేదా తాతమ్మకు?”

తాతమ్మంటే మా అత్త.

ఈ పిల్ల నా కొడుకు కూతురు, పదహారేళ్లది. ఇంటర్‌లో ఒకేషనల్ తీసుకుంది. రోగులకూ ముసలివాళ్లకూ సేవ చేయడం నేర్పే కోర్సు. తల్లిదండ్రులుండేది అన్నోజిగూడలో. కాలేజీ ఉప్పల్‌లో. రోజూ అంత దూరం బస్సులో వేలాడలేదని నాచారంలో నా దగ్గర ఉంచారు. కాలేజీలో చేర్చిన రోజు పెద్దదిక్కుగా సంతకం పెట్టింది నేనే. మూడో తరగతితో బడి మానినదాన్ని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెడతాను. అందుకే పిల్లను దవాఖానకు పంపడానికి ఒప్పుకుంటున్నామనే ఈ కాగితమూ నా ముందుకే వచ్చింది. కొడుకుకు ఫోన్ చేస్తే, “నీ ఇష్టమమ్మా, నువ్వు పొమ్మంటే పోతది” అని తప్పించుకున్నాడు.

నేను వద్దన్నది నలుగురికి జడిసి కాదు. అసలు సంగతి వేరే ఉంది.

మేము నల్గొండ వైపు నుంచి వచ్చిన కొత్తలో ఇక్కడ రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయనది సీసాల ఫ్యాక్టరీలో పని. అత్తకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఫ్యాక్టరీలో సామాను చుట్టి వచ్చే మందపాటి ప్లాస్టిక్ కవర్లను మా ఆయన ఇంటికి తెచ్చేవాడు. వాటిని అత్త కింద పరిచాను. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే అయిపోయె, ఉతికే పని లేదు, సబ్బు అరగదు, నీళ్లు కలిసొచ్చె. నా తెలివికి నేనే మురిసిపోయాను. పాత నూలు చీరలేమో మూటగట్టి స్టీలు సామాన్లామెకు వేశాను. బదులుగా గట్టి మూత ఉన్న డబ్బా ఒకటి ఇచ్చింది. ఇప్పటికీ ఉంది, సొట్ట కూడా పడలేదు.

ఎండలు ముదిరేసరికి అత్త నడుము కింద పుండు పడింది. ఆమె చెప్పలేదు. వాసన వస్తే నేనే చూశాను. సర్కారు దవాఖాన నుంచి వచ్చిన నర్సమ్మ ఆ ప్లాస్టిక్‌ను రెండు వేళ్లతో లాగి వాకిట్లో పారేసింది. “దీని మీద నువ్వు ఒక్క పూట పండు, తెలుస్తది” అంది. నూలు బట్ట వెయ్యి, రెండు గంటలకోసారి పక్క మార్చు అని చెప్పి పోయింది.

మా గడియారం ఎప్పుడో ఆగిపోయింది. కానీ అప్పట్లో నాచారంలో సైరన్లకు కొదవ లేదు. ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో వేళ. సైరన్ మోగితే ఒత్తిగిలించేదాన్ని. ఒకసారి గోడ వైపు, ఒకసారి వాకిలి వైపు. వాకిలి వైపు తిప్పితే అత్తకు పండగే. “ఎదురింటామె ఇయ్యాల గూడ వంకాయలే దెచ్చింది, మొగుని మీద ఏం పగనో” అనేది. పోనుపోను ఆమెకే వేళ తెలిసిపోయి, సైరన్ కంటే ముందే పిలిచేది: “ఓ పిల్లా, కూత వెడుతది, రా.” వానలు వెనకబట్టేసరికి పుండు మానింది. ఆ తర్వాత బతికిన రెండేళ్లూ మళ్లీ పడలేదు. ఇప్పుడా ఫ్యాక్టరీలున్న చోట అపార్టుమెంట్లు లేచాయి. అయినా మధ్యాహ్నం పూట నా చెవి ఒక్కోసారి ఆ కూత కోసం చూస్తుంది.

అత్తను దేవతలా చూసుకుందని బస్తీలో నాకు పేరు. పుండు సంగతి ఎవరికీ చెప్పలేదు. తెలియక చేసిన తప్పయినా మోయడం బరువే. పదహారేళ్లకే ఆ బరువు ఈ పిల్ల నెత్తిన పడితే ఎట్లా అని నా గుబులు.

“పక్క మార్చుడు నేర్పిన్రా?” అని అడిగాను.

“నేర్పిన్రు. బొమ్మ మీద.”

“బొమ్మ మూలుగుతదా?” అని మంచం మీద వాలాను. “ఏదీ, నన్ను తిప్పు.”

పిల్ల నా చెయ్యి పట్టి లాగింది.

“గుంజకే! నేనేమన్న కుక్కర్ మూతనా? ఆ చీర దే. నాలుగు మడతలు పెట్టు. భుజం కాడికెల్లి తుంటి దాక నా కిందికి తొయ్యి. ఇగ బట్టను వట్టి గోడ దిక్కు లేపు, మనిషిని కాదు.”

ఈసారి తేలిగ్గా ఒరిగాను. నా ముఖం గోడ వైపు ఉండడం వల్లనేమో, అన్నీ చెప్పేశాను: ప్లాస్టిక్, డబ్బా, పుండు.

పిల్ల నా వీపు వెనక చీర మడత సరిచేసింది. తర్వాత, “ప్లాస్టిక్ వెయ్యొద్దని మా పుస్తకంల మొదట్లనే ఉన్నది నానమ్మా” అంది.

“మా ఇంట్ల ఆ పుస్తకం లేకుండె.”

అది నా మడమలు నొక్కి చూడడం మొదలుపెట్టింది.

“ఏం జేస్తున్నవే?”

“ఎర్రగైనయా అని. పుండు వడేముందు ఎర్రగైతదంట.”

“నేనింక మంచాన వడలే. లెవ్వు, అన్నం పెట్టు!”

మర్నాడు పొద్దున కాగితం మీద సంతకం పెట్టాను. చీరను నా చేత్తోనే రెండుగా చింపి, ఒక ముక్క దాని సంచిలో పెట్టాను. అన్నం ఆ స్టీలు డబ్బాలో కట్టాను. ఏడున్నరకు పిల్ల ఉప్పల్ బస్సెక్కింది. పదింటికి స్టీలు సామాన్లామె వీధిలోకి వచ్చి కేకేసింది. ఈసారి చీరల్లేవని కిటికీలోంచే చెప్పాను.