వరసలో నాలుగు కుండీలు

కాస్త దగ్గరకు జరిగి కూర్చుని వినండి. మాది ఆలమూరు దగ్గర పల్లెటూరు. మా మామగారు బతికినన్నాళ్లూ పెరట్లో దీపావళి మందుగుండు చేసేవారు. ఆయన పోయాక కూడా ఆ మందు కలిసిన మట్టిలో గడ్డిపరక మొలవలేదు.

అమలాపురంలో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, పేడా ఆకులూ కలిపి మగ్గబెడితే ఆ మట్టిలో విషం తగ్గుతుందేమో చూస్తానంది. మగ్గిన మట్టి రెండు కుండీల్లో, ఉత్త మందుమట్టి రెండు కుండీల్లో పోసి, అన్నిటిలోనూ పెసలు చల్లింది. మగ్గినవి పచ్చగా లేచాయి. తక్కిన రెండూ బోడిగానే ఉన్నాయి. ఆ తేడా చూసి మార్కులు వేయడానికి పది రోజుల్లో వాళ్ల మేష్టారు వస్తానన్నారు.

తీరా ఆయన వచ్చేసరికి నాలుగు కుండీలూ కళకళలాడుతున్నాయి! అమ్మాయి మొహం పాలిపోయింది.

"అమ్మా, వీటినేం చేసేవే?"

"బోడిగా ఉన్న రెండిటిలో దోసెడేసి మగ్గిన ఎరువు కలిపి మళ్లీ పెసలేసేను. ఒక్క వరసలో కూర్చోబెట్టి ఇద్దరికి వడ్డించి, ఇద్దరికి మానేస్తావా? పాపం కాదూ?"

అది అరుగు మీద కూలబడి ఏడుపు లంకించుకుంది.

మేష్టారు నన్నడిగారు: "ముందు ఈ రెండిటిలో ఏమీ మొలవలేదాండీ?"

"ఆయ్, ఒక్క గింజ కూడా లేవలేదండి."

"ఎరువు కలిపేకే వచ్చేయాండీ?"

"ఆయ్."

ఆయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "బాగానే రుజువైందమ్మా! జరిగింది జరిగినట్టు రాసి, మళ్లీ ఓసారి చెయ్యి. ఈసారి మాత్రం మీ అమ్మగారిని పుట్టింటికి పంపించి చెయ్యి!"

ఏడుస్తున్న పిల్ల కాస్తా పకపకా నవ్వేసింది. నేను నిజంగానే పుట్టింటికి వెళ్లాను. దానికి మంచి మార్కులొచ్చాయి.

మీ ఇంట వేసిన ప్రతి గింజా మొలవాలి, మీ పంక్తిలో కూర్చున్న ఎవరికీ వడ్డన తక్కువ కాకూడదు.