గట్టు దాకా పోయిన గాలయ్యను ఎవరూ పిలవలేదు

గాలయ్యను ద్రోహి అన్నది మీరే. ఇవాళ అదే కాపరుల వాట్సాప్ గ్రూపులో, అవే వేళ్లతో దండాల బొమ్మలు పెడుతున్నదీ మీరే.

ముందు ఆ బొమ్మలు తీసేయండి.

నిన్న పొద్దున మార్కాపురం బస్టాండులో టీ తాగుతుంటే గాలయ్య తమ్ముడు కాశయ్య ఫోన్ చేశాడు. "అన్నా, మా అన్న పోయినాడు" అన్నాడు.

ఎక్కడికి అని అడిగాను.

కాశయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. వెనక గొర్రెలు అరుస్తున్నాయి. అప్పుడు అర్థమైంది.

దొడ్డి ముందు మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. హార్ట్ ఎటాక్ అన్నారు డాక్టర్లు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గాలయ్యది కొనకనమిట్ల దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. గిద్దలూరు హాస్టల్లో నా పక్క ట్రంకుపెట్టె వాడిది. పరీక్షలు రాసి ఫారిన్ సర్వీసులో చేరాడు. ఈ మధ్య రోమ్‌లో, తిండీ సేద్యం సంగతులు చూసే అంతర్జాతీయ సంస్థ దగ్గర మన దేశపు రాయబార మిషన్‌లో పని చేశాడు.

మిషన్ అంటే సూట్లు, విందులు అనుకుంటారు మీరు. ఒక్క వాక్యం మీద అన్ని దేశాల వాళ్లూ రోజంతా కొట్లాడుకునే పని అది. ఢిల్లీ గీసిన గీత దాటకూడదు. అవతలివాడు లేచిపోకూడదు. ఈ రెంటి మధ్య మనకు కావలసిన మాట రాబట్టాలి.

"ఇంతకీ నువ్వక్కడ చేసేదేందిరా" అని ఒకసారి అడిగాను.

"మా నాయన చేసిందే. గొంగడి దులపడం."

నవ్వాను. ఎందుకంటే వాళ్ల నాయన దులపడం నేను కళ్లారా చూశాను.

హాస్టల్ సెలవుల్లో వాళ్ల ఊరు పోయినప్పటి సంగతి. ఎరువు కోసం పొలంలో మంద ఆపమని ఒక రైతు బేరం చేస్తున్నాడు. బదులుగా ఇచ్చే జొన్నలు తక్కువ చెప్పాడు. గాలయ్య నాయన ఏమీ వాదించలేదు. లేచి, గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరేలే రెడ్డీ. గొర్లకు కాళ్లుండాయి, పోతాయి."

గట్టు దాకా నడిచాడు. అక్కడ ఆగి తీరిగ్గా బీడీ ముట్టించాడు.

"ఏంది పెద్దాయనా అట్ల పోతావు. రా, కూర్చో" అని రైతే పిలిచాడు.

గాలయ్య నా చెవిలో అన్నాడు. "మా నాయన గట్టు దాటడు. దాటితే బేరం చచ్చినట్టే."

ఇప్పుడు మీరు పంచిన వీడియో క్లిప్ సంగతికి వస్తాను.

మేత భూముల మీద రోమ్‌లో ఒక ముసాయిదా వచ్చింది. "ఖాళీ భూముల్లో" కాపరులను మేపుకోనివ్వవచ్చు అని ఒక పేరా. పైకి మంచి మాటే. కానీ భూమి ఖాళీ అని ఒప్పుకుంటే, రేపు దాన్ని ఎవరికైనా ఇచ్చేయవచ్చు. గాలయ్య మైకు తీసుకుని "ఈ పేరాను మా దేశం ఒప్పుకోదు" అన్నాడు. ఫైలు మూసి కుర్చీ వెనక్కి జరిపాడు.

గొంగడి దులిపాడు. అంతే.

అవతలివాళ్లే కూర్చోమని వెనక్కి పిలిచారు. మధ్యాహ్నానికి "ఖాళీ" పోయి, గొర్రెలు మేసే భూమి వాడుకలో ఉన్న భూమే అన్న మాట వచ్చింది. గాలయ్య సరే అన్నాడు.

మీ క్లిప్‌లో పొద్దుటి ముక్క మాత్రమే ఉంది. కోసిందెవరో నాకు తెలియదు. పంచింది మీరు. "మన గొర్లకు మేత వద్దన్నోడు" అని రాసింది మీరు. పూర్తి వీడియో నేను గ్రూపులో పెడితే వచ్చిన జవాబు, "అంతసేపు ఎవడు చూస్తాడు సార్".

ఏటా గొంగడి దులిపి బేరాలాడే మీకు ఆ దులపడం అర్థం కాలేదంటే నేను నమ్మాలా?

ఆ మీదట కాశయ్య గొర్రెలను ఉమ్మడి మందలోంచి వెలేశారు. ఎండాకాలం మేత కోసం దోర్నాల అడవి వైపు ఒక్క మందతో ఒక్క మనిషి పోతే ఏమవుతుందో మీకు తెలుసు. దొంగలు, కుక్కలు, చెక్‌పోస్టు దగ్గర దబాయింపులు. తెలిసే చేశారు.

అందుకే గాలయ్య లీవు పెట్టి వచ్చాడు. మొన్న సాయంత్రం మందల పెద్ద రామకోటయ్య దగ్గరికి నన్ను వెంటబెట్టుకుపోయాడు. బీడులో కాపరులందరూ కూర్చుని ఉన్నారు.

"మామా, కోపం నా మీద గదా. మా తమ్ముని గొర్లేం చేసినాయి?"

"నువ్వు దొరవైతివి నాయనా. మీ గొర్లు గూడా దొర గొర్లే. మా వాటి పక్కన ఏం మేస్తాయిలే."

అందరూ నవ్వారు.

గాలయ్య లేచాడు. గొంగడి లేదు. భుజం మీద టవల్ తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. గట్టు దాకా నడిచాడు. ఆగాడు.

ఎంతసేపో నిలబడ్డాడు.

ఆ టవల్ అర్థం అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. దేశాలు వెనక్కి పిలిచిన మనిషిని సొంత మనుషులు పిలవలేదు.

గాలయ్య గట్టు దాటాడు.

తెల్లారేసరికి ఫోన్ వచ్చింది.

రేపు మందలు కదులుతాయి. కాబట్టి సంతాపాలు వద్దు. ఇవి కావాలి.

1. ఆ క్లిప్ తీసేయండి. ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ పూర్తి వీడియో పంపండి.

2. రామకోటయ్య మామ కాశయ్య దగ్గరికి స్వయంగా నడిచిపోయి పిలవాలి. ఫోన్లో కాదు.

3. రేపు కాశయ్య గొర్రెలు ఉమ్మడి మందలో కలవాలి. తోకన కాదు, నడిమధ్యన.

4. సోలార్ ప్లేట్ల కోసం మన బీళ్లను ఖాళీ భూమి అని రాసుకొచ్చేవాళ్లకు గ్రామసభలో ఒక్కరు కూడా చెయ్యి ఎత్తొద్దు.

5. ఫ్లెక్సీ కట్టొద్దు.

గాలయ్యా, ఇక వెనక్కి తిరిగి చూడకురా. అక్కడైనా నిమ్మళంగా ఉండు.